ఏడున్నర గ్రాములు

ముప్పై ఒక్క ఏళ్ళు
మల్లేశ్వరం కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో
బ్యూరెట్లు కడిగాను.
నింపిపెట్టడం నా పని,
గులాబీరంగు తెప్పించడం పిల్లల పని,
వచ్చిందని నమ్మడం మార్కుల పని.
ఒక్క చుక్కయినా నా పేరిట రాలలేదు.

ఇప్పుడు మత్తికెరెలో, మిద్దెమీద,
నీళ్ళట్యాంకు నీడలో
పుట్టతాయమ్మ బజ్జీల అంగడి నుంచి తెచ్చిన
ఐదు డబ్బాల నల్లనూనె.
పోయిన నెల దాకా ఆ నూనె
ఇంతకన్నా చిన్న అంగడికి పోయేది,
అక్కణ్ణించి తోపుడుబండికి,
అక్కణ్ణించి బడి విడిచిన పిల్లల చేతిలో కాగితం పొట్లానికి.
"ఇంకేం చేయాల సామీ, పారబోస్తే మోరీ కట్టుకుంటుంది" అంది.
నాకిమ్మన్నాను.
నా మొహం చూసి, డబ్బా మూత చూసి,
"తినడానికి కాదు కదా" అని రెండుసార్లు అడిగింది.

కాదమ్మా, మక్బూల్ బండికి.
హొసకోట నుంచి టమాటాలు మోసే ఆ 407
మా గోడకానుకునే నిలబడుతుంది.
దానికీ నాకూ ఒకటే దగ్గు.

పాత పంచె నాలుగు మడతలేసి వడగట్టాను.
మిరపగింజలు, మాడిన శనగపిండి,
చెక్కుచెదరని ఉల్లిచక్రం ఒకటి,
పేట తిన్న సాయంత్రాల గసి.
ఇక కాచి నీరు పోగొట్టాలి.
తాలింపుకి చిటపట మొదలవ్వాలి,
దీనికి ఆగాలి, అంతే తేడా అంటే
"వంటింట్లో ఒక్కనాడూ నిలబడనోడు" అని
మా సుంకులమ్మ కిందికి దిగిపోయింది.

మొదటిసారి తొందరపడ్డాను. తడి మిగిలింది.
తెల్లారి డబ్బా తెరిస్తే రాగిసంకటి,
గరిటె గుచ్చితే నిలబడింది.
సుంకులమ్మ ఒక ముద్ద తీసి
మాడిన బాణలికి రుద్ది చూసింది. తళతళ.
"డీజిలు కాదు గానీ సబ్బు కుదిరింది" అని వీధంతా పంచింది.
నా ఓటమితో ఎనిమిదిళ్ళ గిన్నెలు తోమారు.
చేతులు మండాయని మూడిళ్ళవాళ్ళు తిట్టారు.

రెండోసారి తూకం పట్టాను.
ఎంత పులిసిందో నూనెనే అడగాలి.
ఫినాఫ్తలీన్ కొనడానికి మనసొప్పలేదు,
వంటింట్లో పసుపుంది కదా.
పసుపుకి సున్నం తగిలితే పారాణి,
ఇది తెలియడానికి డిగ్రీ ఎందుకు?
సిరంజితో ఒక చుక్క సోడానీళ్ళు. పసుపు.
ఇంకో చుక్క. పసుపే.
నాలుగో మిల్లీలీటరు దగ్గర
గ్లాసు అంచున ఎరుపు పుట్టి, తిరిగి, పోబోయి,
ఉండిపోయింది.
చుట్టూ ఎవరూ లేరు.
ఎంతసేపు నిలుస్తుందోనని
పదిహేను దాకా లెక్కపెట్టాను, పైకి, గట్టిగా.
మామూలు మూడున్నర, దాని పైన ఈ నాలుగు.
లీటరుకి ఏడున్నర గ్రాములు.
కరెంటు బిల్లు వెనక రాసి
కింద సంతకం పెట్టాను.

మిథనాల్ గురించి ఎక్కువ చెప్పను.
పీణ్యాలో అమ్మినవాడు
ముందు నా కళ్ళలోకి చూశాడు. కళ్ళు తీసే సరుకది.
పొయ్యి ఆర్పి, గాలి ఎటు పోతోందో చూసుకుని,
సుంకులమ్మని పైకి రావద్దని కేకేసి
ఊపిరి బిగబట్టి కలిపాను.

తెల్లారికి రెండు పొరలు:
కింద డికాక్షన్, పైన తేనె.
తేనె తేర్చి, మూడు నీళ్ళలో కడిగి, ఎండకి ఆరబెట్టాను.

మక్బూల్ బిస్మిల్లా అని తాళం తిప్పాడు.
బండి దగ్గింది, కాసేపు ఆలోచించింది,
పలికింది.
పొగ వెంట రెండు వీధికుక్కలు
యశవంతపుర సర్కిల్ దాకా పరిగెత్తాయట,
బజ్జీ ఎక్కడో ఒకచోట రాలకపోతుందా అని.

ఆగండి, అయిపోలేదు.
డిసెంబరులో ఒక తెల్లవారుజాము, పద్నాలుగు డిగ్రీలు,
బండి కదల్లేదు.
పామాయిలు తన పుట్టుక మర్చిపోలేదు,
చలికి ఫిల్టరులో నెయ్యిలా పేరుకుని కూర్చుంది.
వేన్నీళ్ళ చెంబుతో సుంకులమ్మే వచ్చింది,
ఎక్కడ పోయాలో చూపమంది.
టమాటాలు ఆలస్యమయ్యాయి.
మక్బూల్ ఏమీ అనలేదు,
నాకివ్వాల్సిన దాంట్లో డెబ్బై తగ్గించాడు.

చలికాలం సగానికి సగం బంకు డీజిలు కలపాలి.
అదీ రాసుకున్నాను,
ఆ బిల్లు వెనకే, సంతకం కింద
మిగిలిన జాగాలో.