నాలుగుంపావు అలారం

సువార్తమ్మ ఫోను నా దగ్గరే ఉంది.
రోజూ తెల్లారగట్ల నాలుగుంపావుకి మోగుతుంది.
ముసలి మేడమ్ మంచం పక్క బెల్లు మోగకముందే లేచి
షుగరు చూసి, సూది వేసి,
చప్పటి చాయ్ కాచే వేళ అది.
ఎక్కడ నొక్కితే ఆగుతుందో తెలుసు నాకు.
నొక్కను.

సబా ఆసుపత్రి శవాల గదిలో
ఇది ఆమెకి ఇరవై మూడో రోజు.
కఫీల్ సంతకం ఒకటి రావాలి, ఎంబసీ కాగితం ఒకటి.
వేలిముద్రల ఆఫీసులో ఇంకా బతికే ఉందట,
ముందు అక్కడ చావాలట.

ఫర్వానియాలో, బకాలా పైన గదిలో
శుక్రవారం ఆదరణ కూడిక పెట్టాం.
మెట్ల నిండా చెప్పులు.
నీళ్ల ట్యాంకరు తోలే ఆనందపాల్ వాక్యం చెప్పాడు:
"మన సోదరికి పరలోకం వీసా వచ్చింది,
దానికి గడువు లేదు, కొట్టేసే కఫీల్ లేడు."
అందరూ ఆమెన్ అన్నారు.
నాకు ఒళ్ళు మండింది.
అక్కడా వీసాయేనా తండ్రీ,
అక్కడా గుమ్మంలో ఒకడు కూర్చుని
ఫోటో వంకా మొహం వంకా మార్చి మార్చి చూస్తాడా?

ఆమె మాటే వేరు.
బంగారు వీధులుంటాయంటే
"తుడిచేదెవరే?" అనేది.
సూర్యుడు అక్కర్లేని పట్టణమంటే
"పోన్లే, ఏసీ బిల్లు తప్పుద్ది" అనేది.
కడబూర మోగితే సమాధులు తెరుచుకుంటాయని
అందరూ చేతులెత్తుతుంటే
నా చెవిలో మెల్లగా,
"మోగనీ. నేను మాత్రం లేవను.
పందొమ్మిదేళ్ల నిద్ర బాకీ ఉంది నాకు."

చనిపోయింది అనం మనం, నిద్రించింది అంటాం.
చిన్నప్పట్నించీ అంటూనే ఉన్నాను,
ఆ మాట మీద ఎప్పుడూ చెయ్యేసి చూడలేదు.
మొన్న గుర్తుపట్టమని పిలిచి
సొరుగు లాగారు.
సువార్తమ్మ గురక పెట్టేది,
ఒక కాలు దుప్పటి బయటికి తన్నేది.
ఈమె మరీ బుద్ధిగా ఉంది.
బొటనవేలికి చీటీ, చీటీ మీద నంబరు.
పేరేంటంటే డ్రైవరు "సారా" అన్నాడు,
ఆ ఇంట్లో నోరు తిరక్క పెట్టుకున్న పేరు.
కాదు, సువార్తమ్మ అన్నాను.
రాసుకునే కుర్రాడు తలెత్తాడు.
ముక్కలు చేసి చెప్పాను: సు. వార్త. అమ్మ.
వాడు నవ్వలేదు.
మూడుసార్లు అడిగి మరీ రాసుకున్నాడు.
ఏ దేశపు బిడ్డో, వాడి చేతులు దీవించబడును గాక.

పెట్టె నేనే సర్దాను.
ముబారకియాలో కొన్న తెల్లచీర, మడత విప్పనిది.
దీంతోనే మట్టిలో పెట్టండని
రెండు రంజానుల కిందట, అంట్లు తోముతూ చెప్పింది.
సగమైన అమృతాంజనం సీసా.
రుమాల్లో ముడి, ముడి మీద నా పేరు,
లోపల నాకివ్వాల్సిన ఏడు దీనార్లు.
శవాన్ని చూసి రాని ఏడుపు
ఆ ముడి విప్పితే వచ్చింది.

నిరీక్షణ.
మన సంఘంలో ఆశకి అదే పేరు.
బయటివాళ్లకి అది ఉత్త ఎదురుచూపు.
రెండూ ఒకటేనని ఇక్కడికొచ్చాకే తెలిసింది.
జీతానికీ, అకామాకీ, గేటు తాళానికీ
చూసి చూసి అరిగిపోయిన మాట,
అరిగినచోటే మెరుస్తుంది
గిన్నె అడుగులా.

ప్రభువా,
నీకు సలహా చెప్పేటంతదాన్ని కాను.
మూడు రోజులు నువ్వూ పడుకున్నావు, నీకు తెలుసు.
ఆ రోజున ఎవర్ని ముందు లేపుతావో నీ ఇష్టం,
ఈమెని మాత్రం ఆఖర్న లేపు.
బూర వద్దు. బెల్లు అసలే వద్దు.
రాజోలు అవతల, ఉప్పునీరు ఊరే ఆ మట్టి దగ్గర
కాసేపు కూర్చుని
పూర్తి పేరు పెట్టి పిలువు.
ఉలిక్కిపడి లేస్తుంది, జుట్టు ముడేసుకుంటూ
"ఆలస్యమైపోయిందా?" అంటుంది, అలవాటు.
లేదని చెప్పు.
ఇవాళ పనేం లేదని చెప్పు.

రేపు మళ్ళీ నాలుగుంపావుకి మోగుతుంది.
ఛార్జింగు పెట్టాను.