హా

న్యూ ఎల్‌హైమ్ పొలిమేరలో బోర్డు
రెండు భాషల్లో రమ్మంది.
రెండోది ముళ్ళ అక్షరాల్లో,
పోయినేడే రంగేసినట్టుంది.
బేకరీ కిటికీలో గసగసాల రొట్టె,
మాంసం కొట్టు ముందు తోలు నిక్కరు తొడిగిన ప్లాస్టిక్ పంది,
దాని వెనక ధాన్యం గాదెలు,
కోసేసిన మొక్కజొన్న,
ఆ వెనక ఇక మిన్నే.

చర్చి ఆర్గన్ శ్రుతి చెయ్యడానికి వచ్చాను.
మా మేస్త్రీకి మోకాళ్ళు మడత పడటం లేదు,
ఈ దారి ఇక నాది.

శ్రుతి చెయ్యడం ఇద్దరి పని.
ఒకరు గొట్టాల అడవిలోకి దూరాలి,
ఒకరు బయట కూచుని మెట్టు నొక్కి పట్టాలి.
పాస్టరు పంపిన మనిషికి ఎనభై తొమ్మిదేళ్ళు.
హెడ్విగ్ ష్లోటర్‌బెక్.
అల్లం కొమ్ముల్లాంటి వేళ్ళు చూపించి
"నొక్కడానికి ఇవి చాల్లే" అంది.

"కానీ" అంటాను లోపల్నించి.
ఆమె మెట్టు నొక్కి దాని పేరు చెబుతుంది.
ఆ.
బే.
హా.
నిట్టూర్చిందనుకున్నాను.
"అలిసిపోతే కాస్సేపు ఆగుదాం."
"అలుపెక్కడిది? నొక్కానుగా, విను."
విన్నాను. కొంచెం దిగి ఉంది. ఎత్తాను.
త్సే, అంది.
పై వరసలో మళ్ళీ ఆ, బే, హా.
మళ్ళీ ఆగాను.
"నిన్నెవరు పంపారు?" అంది.
"హా అంటే హా. చదువుకోలేదా?"

టార్చి వేశాను.
గొట్టం మీద దుమ్ము బొటనవేలితో తుడిస్తే
సీసం కలిసిన మెత్తటి లోహంలో
రెండు నిట్రాళ్ళు, మధ్యన అడ్డదూలం,
సుత్తితో కొట్టిన అక్షరం.
పొద్దుట్నించీ చూస్తూనే ఉన్నాను,
చేసినవాడి గుర్తనుకున్నాను.
నేను బి అని నేర్చుకున్న స్వరం
ఇక్కడ మరో పేరుతో బతుకుతోంది.

ఫ్లాస్కు మూతలో కాఫీ పోసిచ్చింది.
ఏదో ఒకటి అనాలి కదా,
"వచ్చేదారిలో పసుపు ఇల్లొకటి చూశాను,
గోడలు, గొడ్లపాక, కుక్కగూడు కూడా పసుపే,
భలే ఉంది" అన్నాను.

"మాదే."
మొదటి యుద్ధం చివరేడు
ఒక రాత్రి వాళ్ళ తాత తలుపు మీద
ఎవరో పసుపు రంగు బకెట్టు విసిరారట.
ఎవరో ఏమిటి, పేర్లు తెలుసు,
వాళ్ళ మునిమనవడే ఇప్పుడు మా గడ్డి కోస్తాడు, అంది.
తాత తెల్లారి బజారుకెళ్ళి
అదే రంగు పదకొండు గాలన్లు కొన్నాడు.
ఏడేళ్ళకోసారి ఇప్పటికీ వేస్తున్నారు.

ఆ ఏడే చర్చి పద్దుపుస్తకంలో
ఒక ఆదివారం దాకా ఒక భాష,
పై ఆదివారం నించి ఇంకోటి,
మధ్యలో గీత కూడా లేదు.
బడి నుదుటి మీది పేరు చెక్కేశారు.
ఆ తర్వాత పోయినవాళ్ళంతా
రాళ్ళ మీద ఇంగ్లీషులోనే పోయారు.
"ఇందులోకి మాత్రం ఎవరూ పాకలేదు"
ఆర్గన్ వైపు గడ్డం ఎత్తింది.
"దుమ్మంటే భయం."

ఆమెకీ ఆ భాష రాదట.
ఇరవై దాకా అంకెలు, ఈ స్వరాలు,
వాళ్ళమ్మ తిట్లు నాలుగు.
"అవి కుక్క కోసం ఉంచాను. దానికి బాగా తెలుస్తాయి."

నాలుగింటికి నేలమాళిగలో హీటరు రాజుకుంది.
గాలి వేడెక్కి, పొద్దుట్నించీ కుదిర్చినదంతా
వెంట్రుకవాసి పైకి జరిగింది.
అది మామూలే, చల్లబడితే దిగుతుంది.
పెద్ద గొట్టాల్లో ఒకటి మాత్రం
ఎంతకీ మాట వినలేదు.
"ఏదీ?" అంది హెడ్విగ్ కోటు గుండీలు పెట్టుకుంటూ.

బి అనబోయి ఆగి,
కళ్ళద్దాలు తుడుచుకునే ముందు ఊదినట్టు
అన్నాను.

"గట్టిగా చెప్పు" అంది,
తల రెండోవైపుకి తిప్పి,
"ఈ చెవి పోయి ఆరేళ్ళయింది."