బంగారు బిళ్ళ

పోర్టు బొగ్గు పొడి మా లైబ్రరీ కిటికీ మీద
రోజూ ఒక పొర వేస్తుంది.
తుడుస్తాను. మళ్ళీ వేస్తుంది.
పదిహేడేళ్ళుగా మా ఇద్దరికీ అదే ఉద్యోగం.

ఆ ఏడు ఎవరో దాతలు పంపిన అట్టపెట్టెలో
ముప్పై రెండు నవలలు, పిల్లల కోసమని.
ఒక్కోదాని మీదా గుండ్రంగా బంగారు బిళ్ళ,
గెలిచిన బహుమతి తాలూకు.
వెనక్కి తిప్పితే అన్నిటికీ ఒకటే మాట:
కష్టాల్లోంచి ఎదిగిన ఓ చిన్నారి కథ.
ఒకదాంట్లో కరువు, ఒకదాంట్లో తండ్రి తాగుడు,
ఒకదాంట్లో కాలు లేని పిల్లాడూ వాడి గుర్రమూ.
నంబర్లు వేశాను. స్టాంపు కొట్టాను.
ఏడవడానికి తీరిక లేదు.

తెడ్డు కాసులమ్మ, ఎనిమిది, బి సెక్షను.
తెల్లారి మూడింటికి తల్లితో ఫిషింగ్ హార్బరుకి పోయి
ఏడున్నర దాకా షెడ్డులో రొయ్యలు వొలిచి
ఐసు నీళ్ళకి నానిన తెల్లటి వేళ్ళతో
మొదటి పీరియడుకి వస్తుంది.
ఆ వేళ్ళు చాపి పుస్తకం అడిగితే
ఒక్క క్షణం ఆగాను.
నేనాగడం ఆ పిల్ల చూసింది.
రెండు చేతులూ యూనిఫాం వెనక్కి తుడుచుకుంది.
ఆ క్షణం ఏ రిజిస్టర్లోనూ ఎక్కలేదు.

పది రోజులకి తెచ్చింది.
వాసన ముందొచ్చింది, తర్వాత పుస్తకం.
ఎలా ఉందే?
"బాగుందండి. ఆ గుంట పన్నెండు పేజీలు ఆకలితో ఉంటాది.
పదమూడో పేజీకి ఎవులో రొట్టి ఇస్తారు.
నాను లెక్కెట్టినాను."
కాసేపాగి,
"వాన గురించి ఎంత బాగా రాసినారో.
మా ఇంట్లోనూ అదే వానండి. గానీ
గిన్నెలెట్టుకోడానికే సరిపోతాది,
సూడ్డానికి కుదర్దు."

అట్ట మీది బిళ్ళని గోటితో తడిమింది.
"ఇదేటండి?"
మెడలు. ఆ ఏడాదికల్లా మంచి పుస్తకమని ఇచ్చారు.
"కష్టపడినాది ఆ గుంట కదండీ.
మెడలు పుస్తకానికెందుకిచ్చినారు?"

నా దగ్గర ప్రతి పుస్తకానికీ ఒక నంబరుంది,
ప్రతి బీరువాకీ ఒక తాళముంది,
ఆ ప్రశ్న పెట్టడానికి అర లేదు.
బెల్లు కొట్టారు, వెళ్ళు, అన్నాను.
బెల్లు ఇంకా కొట్టలేదు.

వేసవి. వేట నిషేధం.
బోట్లన్నీ జెట్టీకి ఒకదానికొకటి ఒరుసుకుంటున్న రెండు నెలలూ
స్టాకు లెక్కకని నేను తలుపు తీసిన ప్రతిసారీ
గడప దగ్గర కాసులమ్మ.
"పని లేదండి" అంది. నవ్వుతూనే అంది.
ముప్పై రెండూ చదివేసింది.

జూన్ చివర్లో చూస్తే పుస్తకాలన్నీ ఉన్నాయి,
ఒకదాని మీద బిళ్ళ లేదు.
ఉండాల్సిన చోట గుండ్రటి తెల్లటి మచ్చ,
చిన్నప్పటి టీకా మచ్చలా.
నిబంధన ప్రకారం పాతిక రూపాయలు.

ఆదివారం జెట్టీకి వెళ్ళాను.
చేపలకేనని ఇంట్లో చెప్పాను.
డీజిలు పొగ, ఐసు మర రొద,
కొండ మీద అప్పుడే ఆరిన లైట్‌హౌసు.
వరసలో నాలుగో మనిషి వాళ్ళమ్మ,
కోనాన్ని ముక్కలు కోస్తోంది.
కత్తిపీట చెక్కకి, మోకాలు ఆనించే చోటికి కాస్త పైన
ఆ బిళ్ళ.
సగం నెత్తురు. చుట్టూ పొలుసులు.
ఏది పొలుసో ఏది బిళ్ళో
ఎండ పడే దాకా తెలియలేదు.

కిలో ఎంత, అన్నాను.
చెప్పిన ధరకే తీసుకున్నాను.
బేరమాడి ఉంటే బాగుండేది,
అనుమానం వచ్చేది కాదు.
వెనకాల ఐసు దిమ్మ పగలగొడుతూ కాసులమ్మ
తలెత్తి నన్ను చూసింది.
ఈసారి చేతులు తుడుచుకోలేదు.

సోమవారం రిజిస్టరు తీసి
నష్టానికి కారణం అనే గడిలో
పోర్టు దుమ్ము, అని రాశాను.