లింకు పంపని మీటింగు

డీజిలు లెక్కకి ఎవరూ రానక్కర్లేదు.
ఎన్ని లీటర్లు పోశారో, బండి ఎన్ని గంటలు తిరిగిందో
ఫోన్లో చెబితే రాసుకుంటాను.
కృష్ణపట్నం పోయిన బ్లాకుల కొలతలూ అంతే.
అంకెలకి మొహం చూడక్కర్లేదు.

క్వారీ ఆఫీసులో మీటింగులు పెట్టేది నేనే.
సోమవారం పదింటికి లింకు పంపితే
ఒంగోలు నుంచి ఓనరు,
చీమకుర్తి నుంచి మేనేజరు,
రామతీర్థం దారిలో సిగ్నలు వెతుక్కుంటూ మేస్త్రీ కోటిలింగం
గళ్ల నుడికట్టులో అక్షరాల్లా వచ్చి కూర్చుంటారు.

మొన్న వేసవిలో మూడో బెంచీ గోడకి నెర్రె పడింది.
కోటిలింగం ఫోను దాని మీదికి తిప్పాడు.
తెర మీద అది ఒక వెంట్రుక.
"ఏం కాదులే, డ్రిల్లు వేయించు" అన్నారు.
తర్వాత చాలాసేపు ఆయన చెయ్యి ఆడింది,
చప్పుడు లేదు.
"మ్యూట్‌లో ఉన్నావయ్యా" అని నవ్వింది నేనే.

ఆయన మ్యూట్‌లో లేడు.
సుత్తితో రాయిని కొట్టి మాకు వినిపిస్తున్నాడు.
గట్టి రాయి గంటలా మోగుద్ది,
లోపల విరిగింది ఓటికుండలా పలుకుద్ది.
ఆ పలుకుని పక్క గోల అనుకొని
ఫోనే చెరిపేసింది.

గురువారం గోడ జారింది.
అన్నాల వేళ, కింద ఎవరూ లేరు.
ఒక కంప్రెసరూ
ఖాసింపీరా విడిచిన చెప్పులూ పోయాయి.
చెప్పుల గురించి అతను ఇప్పటికీ జోకులేస్తాడు.
నేను నవ్వలేను.

ఇవాళ మేనేజరు ఫోను:
"రాత్రి షిఫ్టు తీసేస్తున్నాం. పదకొండు మంది.
నాలుగింటికి లింకు పెట్టు, పది నిమిషాల్లో తేలిపోద్ది."

పెట్టాను. నీలంగా మెరిసింది.
చెప్పాల్సింది చెప్పి ఎర్ర గుండీ నొక్కితే
పదకొండు గళ్లూ ఒక్కసారే ఆరిపోతాయి.

చెరిపేశాను.
"షెడ్డులో. అందరూ. ఓనరు గారు కూడా" అని కొట్టాను.

"ఇంత ఎండలో ఆయనెందుకబ్బా?"
"ఇరవై చిల్లర కిలోమీటర్లు సార్.
ఆ మాటని ఒళ్లో పెట్టుకొని వస్తే
బరువెంతో తెలుస్తుంది."
ఇంత మాట ఎట్టా అన్నానో నాకే తెలీదు.
అవతల కాసేపు ఏమీ లేదు.
ఈసారి మ్యూటో కాదో అడగలేదు.

షెడ్డులో కుర్చీలు తొమ్మిదే.
టీకొట్టు మస్తానమ్మని అడిగి బల్ల తెచ్చాను,
దానికో కాలు పొట్టి.
కింద పెట్టడానికి రాతిముక్క దొరికింది,
నల్లగా, లోపల బంగారు నలుసులతో.

పెట్టేముందు
ఒకసారి కొట్టి విన్నాను.