చెవి వెనక నాలుగు రాత్రులు

నా కుడి బుగ్గ
ఎడమ బుగ్గ కంటే తొమ్మిదేళ్ళు పెద్దది.

పొద్దున్న పిల్లల్ని ఎక్కించుకుని
రుషికొండ దాటి భీమిలి వైపు పోతుంటే
సముద్రం కుడివైపు, సూర్యుడూ కుడివైపే.
సాయంత్రం తిరుగుదారిలో సముద్రం ఎడమకి మారుతుంది.
సూర్యుడు మాత్రం కొండల మీదుగా చుట్టు తిరిగి
మళ్ళీ నా కిటికీ దగ్గరకే వచ్చి కూర్చుంటాడు.
పదిహేడేళ్ళ స్కూలు వ్యాను నాది.
ఫీజు కట్టకుండా రోజూ రెండుపూటలా
ఎక్కేవాడు వాడొక్కడే.

మూడో క్లాసు తన్విక్ ముందుకు వంగి చూసి
"ఆంటీ, మీకు ఇటు అమ్మ మొహం, అటు అమ్మమ్మ మొహం" అన్నాడు.
వ్యానంతా నవ్వింది. నేనూ నవ్వాను.
నవ్వు కుడివైపున కాస్త ఆలస్యంగా సర్దుకుంది,
ఉతికిన గుడ్డ మడత విప్పినట్టు.

నాది మాట పడని చర్మం.
చిన్నప్పుడు వీధి చివర జీడిపిక్కలు కాలిస్తే
ఆ పొగకే కళ్ళు వాచిపోయేవి.
కొత్త చీర గంజికి నడుమంతా దద్దుర్లు.
అలాంటిదాన్ని
ఆడపడుచు దసరాకి పెట్టిన బంగారు మూత జాడీ చూసి
ఒక్క రాత్రిలో మొత్తం మొహానికి పట్టించాను.
రెటినాలట.
మూడో నాటికి ఉడికిన చిలగడదుంప తొక్క.
వారం రోజులు చున్నీ కట్టుకుని బండి నడిపాను,
బీచి రోడ్డు గాలిలో ఉప్పుంటుందని
అప్పుడే తెలిసినట్టు.

ఎంవీపీ కాలనీ రైతుబజారు ఎదురుగా
కుసుమలత మందుల షాపు.
మెడలో తాడుకి భూతద్దం వేలాడుతుంటుంది.
"డబ్బా ముందువైపు చదవకమ్మా, అది పెళ్ళిచూపుల మాట.
ఎనక్కి తిప్పు. అసలు సంబంధం అక్కడుంటాది."

తిప్పాను. చీమల బారు.
ఆమె వేలు ఒక్కో చీమ దగ్గర ఆగింది.
"ఇందులో సెంటు కలిపేరు, వద్దు.
ఇది నిమ్మనూనె. వాసన బాగుంటాది, నీకు మండుతాది.
ఈ ఆసిడ్డు రాయెట్టి తోమేస్తాది, దీని జోలికెళ్ళకు.
ఏటుందో కాదు, ఏటి లేదో చూసి కొనుక్కో."

చివరికి మూడు మిగిలాయి.
ఓట్లు నానినట్టుండే లోషను.
గోడకి సున్నంలా పగుళ్ళు పూడ్చే సెరమైడు.
ఇంకోటి బకుచియాల్.
పేరు నోరు తిరగలేదు.
"బావంచాలమ్మా! మీ అమ్మని అడుగు."
అమ్మ లేదు, కానీ రోలు గుర్తొచ్చింది.
పక్కింటి నూకాలు బొల్లిమచ్చకి ఆ గింజలు నూరి
ఎండలోకి పోతే ఒళ్ళు కాలుతుందని కేకలేసేది.
"ఆ గింజ నూరి రాసుకునేవు, కొంప మునుగుతాది.
ఇది దాని మెత్తటి కూతురు.
కూతురైనా సరే, తొందరపడి ఇంట్లోకి తెచ్చుకోకు.
చెవి ఎనక శనగగింజంత. నాలుగు రాత్రులు."

"వయసు తగ్గుతుందా?"
"తగ్గదు.
మంట తగ్గితే మొహం తేటపడతాది. అంతే."
ఇంత తక్కువ చెప్పి సరుకమ్మే మనిషిని
నేనింకెక్కడా చూళ్ళేదు.

నాలుగు రాత్రులు చెవి వెనకే నా కాపలా.
హార్బరులో ఓడ కూస్తే లేచి తడుముకున్నాను.
దురదనిపించింది, దోమ.
వేడనిపించింది, దిండు.
రెండో రాత్రి కరెంటు పోతే
సెల్లు వెలుగులో అద్దం మీద అద్దం పెట్టి
నాకు నేను ఎప్పుడూ కనబడని చోటు చూశాను.
అక్కడ ఎండ తగల్లేదు. అక్కడ నాకు ముప్ఫై ఏళ్ళు.
ఐదో పొద్దున ఏమీ కాలేదు.
ఏమీ కాకపోవడం ఇంత బాగుంటుందా!

ఇప్పుడు బండి తీసే ముందు జింకు లేపనం.
తెల్లగా తేలుతుంది.
"ఆంటీ, పిండి!" అంటాడు తన్విక్.
ముందు కుడి బుగ్గకి,
దానిది ఎండలో చేసిన ఉద్యోగం.
తర్వాత నీడన కూర్చుని తిన్న ఎడమదానికి,
అదే వేలితో, కొంచెం తక్కువ.

తొట్లకొండ మలుపులో వాడు మళ్ళీ ఎక్కాడు.
కిటికీకి పాత తువ్వాలు కట్టాను.
సగం కప్పింది.
మిగతా సగంలోంచి సముద్రం కనబడాలి కదా.