మిగతా నాలుగు ముఖాలు

ఆరున్నరకి, బాలానగర్ షెడ్డులో
బాయిలర్ ఇంకా గొంతు సవరించుకోకముందే
ఫోన్లు అడుగుతాయి:
"ఈ రోజు మీ మనసెలా ఉంది?"
కింద ఐదు ముఖాలు.
ఏదో ఒకటి నొక్కితేనే హాజరు పడుతుంది.

ఈదమ్మకి నేనే నేర్పాను.
తడి వేలు తెరకి ఆనదు,
కొంగుకి తుడుచుకో,
ఇదిగో ఈ చివరిది, నవ్వేది.
"మరి మిగతా నాలుగు ఎందుకున్నయి మేడం?"
ఊరికే, అన్నాను.

పోయిన జూన్ నుంచి
ఆమె ఊరికే సంతోషంగా ఉంది.
మోకాలికి సూది వేయించుకొచ్చిన రోజు,
మూసాపేట దగ్గర నడుంలోతు నీళ్లలో
చెప్పులు చేతపట్టుకుని నడిచొచ్చిన రోజు
కూడా.

మేం పదిహేడుమందిమి.
ఆస్పత్రుల దుప్పట్లు ఉతుకుతాం.
నెలాఖరుకి పైనుంచి ఒక పచ్చటి గుండ్రం వస్తుంది,
తొంభై నాలుగు శాతం ఆనందం.
ఆ మిగతా ఆరు శాతం ఎవరో కనుక్కోమని
హిమజ మేడం ఫోను.
కనుక్కోవడానికేముంది,
ఖాజా మియా ఒక్కడే.
వ్యాను తోలే తొందరలో కళ్లద్దాలు పెట్టుకోడు,
ఏ ముఖం వేలికి తగిలితే ఆ ముఖం.

ఇంకా చాలా ఉన్నాయి అందులో.
ఒకరికొకరం పంపుకునే చప్పట్లు, చుక్కలు.
పుట్టినరోజుకి తెరనిండా రాలే రంగుకాగితాలు.
పుట్టినరోజు తెలియని మావాళ్లకి
ఆధార్ ఇచ్చిన జనవరి ఒకటిన
ఒక్కసారే తొమ్మిదిమందికి రాలాయి.
వారానికో క్విజ్:
రక్తపు మరకకి వేన్నీళ్లా, చన్నీళ్లా?
పన్నెండేళ్లుగా చన్నీళ్లలో చేతులు నానిన ఈదమ్మ
అక్షరాలు తెలియక వేన్నీళ్లు నొక్కింది.
"మళ్లీ ప్రయత్నించండి" అంది యాప్,
చాలా మర్యాదగా.

ఆ మంగళవారం అన్నాల వేళ
ఆమె వేలు ఎక్కడ ఒత్తుకుందో,
ఎండీ గారి సందేశం కింద, అందరూ చూసేచోట,
నలభై ఒక్క సెకన్ల గొంతు పడింది.
ముందు డ్రయ్యరు హోరు.
స్టీలు డబ్బా మూత.
తర్వాత:
"గీ దుప్పటి జూడవే, పిల్లల వార్డుది.
పెన్నుతోని బస్సు బొమ్మ గీసిండు ఎవడో పిలగాడు.
మూడుసార్లు ఏసిన, పోతలేదు.
ఇగ ఏం జేస్త, బొమ్మ లోపలికొచ్చేటట్టు మడత పెట్టిన.
ఎవరు కప్పుకుంటే వాళ్లు బస్సెక్కుతరు.
తొక్కు ఏసుకో, ఇంకింత ఏసుకో."

ఆరు యూనిట్లు. మూడువందల పన్నెండుమంది విన్నారు.
ఎవరూ చప్పట్లు పంపలేదు.
ఎల్బీ నగర్ నుంచి మాత్రం ఎవరో రాశారు:
"ఏ నంబరు బస్సు?"

నాలుగింటికి గొంతు మాయమైంది.
"ఈ సందేశం తొలగించబడింది."
నాలుగూ ఐదుకి హిమజ మేడం:
మరకున్న దుప్పటి ప్యాకింగ్‌కి ఎలా వెళ్లింది,
ఏ ఆస్పత్రి, ఏ కట్ట?
గోదాములో ఎనిమిదివందల దుప్పట్లు,
అన్నీ తెల్లగా, అన్నీ ఒకే మడత.
పిల్లల వార్డు కట్ట పైనుంచి మూడోది.
కాస్త లావుగా ఉన్నట్టనిపించింది నాకు,
లోపల ఎవరో కూర్చున్నట్టు.
"దొరకలేదు" అని రాశాను.
ఖాజా మియా కట్ట ఎత్తి వ్యానులో పెట్టాడు.

బుధవారం ఆరున్నర.
"నిన్న ఏమన్న తప్పు ఒత్తిన్నా మేడం?"
లేదన్నాను.
తీసేసిన సందేశం కింద
ఆ ప్రశ్న ఒక్కటే ఇంకా వేలాడుతోంది.
చదివి వినిపించాను.
ఈదమ్మ కొంగుకి వేలు తుడుచుకుంటూ
కాసేపు ఆలోచించింది.

"నంబరెక్కడేసిండు మేడం, చిన్న పిలగాడు.
కిటికీలైతే మస్తుగేసిండు.
కిటికీకో మొఖం.
ఒక్కటి గూడ నవ్వుతలేదు,
ఊరికే బయటికి చూస్తున్నయి."