నాలుగో సీసా

నా మోచెయ్యి తగిలింది. అంతే.
లెంపీ రౌతియో వాళ్ళ నేలమాళిగలో, బట్టలుతికే మిషన్ మీద
మూతలు తీసిపెట్టిన మూడు డబ్బాలు
బోర్లాపడి ఒకే బూడిదరంగు కుప్పయ్యాయి:
అరవై నంబరు బరక, రెండువందల ఇరవై,
వేళ్ళ మధ్య నలిపినా ఉందో లేదో తెలియని ఐదువందలు.
చీపురు అందుకున్నాను.
"ఊడవకు, పోయికా," అంది. "లేచిన దుమ్ము
నీ ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుంది. తడిపి ఎత్తు."

నాకప్పుడు పదకొండేళ్ళు.
కొత్తది కొనడానికి నాలుగు డాలర్లున్నాయని చెప్పాను.
ఆమె నవ్వలేదు.
సిల్వర్ బే ఖనిజం మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు
జల్లెళ్ళు ఊపిన చేతులవి.
ఒక కొండ పిండై ఆ ఇత్తడి వలల్లోంచి దిగింది.
రిటైరైన రోజు గడియారం ఇస్తామంటే వద్దని
పాత జల్లెళ్ళు రెండు అడిగి తెచ్చుకుంది.

"దీని పని కొంతవరకే," అంది,
తడి జల్లెడలో బరకంతా నల్లగా నిలిచాక.
"ఆపైన కంటికీ అందదు, కన్నానికీ అందదు.
నీళ్ళకి వదిలెయ్యాలి."

బకెట్టు నిండా నీళ్ళు. గిన్నెల సబ్బు ఒక్క చుక్క,
లేకపోతే నలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని మునుగుతాయట
ఈతరాని అన్నదమ్ముల్లా.
తెడ్డుతో తిప్పి, చెయ్యి తీసేసి, లెక్కపెట్టేది
వాళ్ళమ్మ భాషలో: యక్సి, కక్సి, కోల్మె, నెల్యా...
నలభై దాకా. ఆలోగా రెండువందల ఇరవై అడుగు చేరేది.
ఇంకా మబ్బుగా ఉన్న నీళ్ళని పక్క బకెట్లోకి వంచేది.
ఒడుపు అంటే ఏమిటో ఆ మణికట్టు చూసి తెలిసింది:
తొందరపడితే మట్టు లేస్తుంది,
తాత్సారం చేస్తే అక్కర్లేనిదీ దిగిపోతుంది.
మళ్ళీ తిప్పు. మళ్ళీ నలభై.
ఏడుసార్లు.

పక్క బకెట్టుకి పావుగంట.
ఆ పావుగంటా మాకు మాటల్లేవు.
మూల షెల్ఫు కింద రబ్బరు పీపా తిరుగుతూనే ఉంది,
లోపల సుపీరియర్ సరస్సు ఒడ్డున ఏరిన అగేట్లు
బురదలో ఒరుసుకుంటూ, ఆరోవారం.
ఆ మోత లేకపోతే ఉర్హోకి నిద్రపట్టేది కాదంది.
ఉర్హో ఆమె మొగుడు. నేను చూడలేదు.
తనకి ఎడమచెవి మిల్లులోనే పోయింది,
కుడివైపు ఒత్తిగిలితే చాలట, లోకం ఆగిపోతుంది.

కడిగిన నీళ్ళు తూములో పొయ్యనివ్వలేదు,
గొట్టంలో సిమెంటులా బిగుసుకుంటుందని.
పెరట్లో మంచు తవ్వి గుంటలో పోశాం.
రొట్టెల పళ్ళేల్లో పరిచి రేడియేటర్ మీద ఆరబెట్టాం.
మూడూ మూడు సీసాల్లోకి వెళ్ళాక
ఇంకో పిడికెడు మిగిలింది.
నలభై లోపు దిగదు. పావుగంట దాకా తేలదు.
ఆమె అరచేతిలో నలిపింది. నాలుక కొసన పెట్టుకుని
పళ్ళ మధ్య కొరికి చూసింది.
నాలుగో సీసా తీసి చీటీ అంటించింది: ఎన్ తియెదా.
నాకు తెలీదు, అని.
ముప్పై ఒక్క ఏళ్ళ పనిమంతురాలు, వణకని అక్షరాల్లో.

మెరుగు పెట్టే వారం వచ్చింది. తెల్లపొడి వేశాం.
పీపా తెరిస్తే, ఎర్రచారల రాళ్ళన్నిటి మీదా
వెంట్రుకల్లాంటి గీతలు.
ఎక్కడో ఒక్క బరక పలుకు.
మూత మడతలో దాక్కుందో,
నా గోళ్ళలోదో.
చేతులు వెనక్కి పెట్టుకున్నాను.
"చూపించు," అని తనే బ్రష్షుతో తోమింది,
నొప్పెట్టేట్టుగానే.
"ఐదువందలకి వెనక్కి. ఇంకో మూడు వారాలు."

ఆ మూడు సీసాలూ ఎప్పుడో ఖాళీ.
నాలుగోది నా కిటికీలో ఉంది.
మొన్న గ్లాసు నీళ్ళలో ఒక చెంచాడు వేసి,
సబ్బు చుక్క మరవకుండా, తిప్పి
లెక్కపెట్టబోయాను.
ఆరు దాటాక ఆమె అంకెలు నాకు రావు.